వరద తీసిన తరువాత కోత
మల్టిపుల్ స్క్లెరోసిస్ వ్యాధిలో మెదడు చిత్రాలు చెప్పే సంగతులు
(ప్లాటినం జూబిలీ విజ్ఞాన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

డెబ్బది ఐదు సంవత్సరాల పండుగనాడు ఒక వ్యాధిని గురించిన ప్రసంగమేమిటని కొందరికి సందేహం కలుగవచ్చు. ఆ సందేహానికి సమాధానం ఆ వ్యాధి స్వభావంలోనే ఉన్నది. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే ఈ వ్యాధి ముదిమిలో వచ్చేది కాదు. సాధారణంగా ఇరవై నుంచి నలభై సంవత్సరాల నడుమ, అంటే బడి విడిచి, చదువు ముగించి, ఉద్యోగంలోనో సంసారంలోనో స్థిరపడే వయస్సులో తొలిసారి కనబడుతుంది. పురుషులకంటే స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ. నూటికి మూడు నుంచి పదిమందిలో పద్దెనిమిదేళ్ళు నిండకముందే, అంటే బడి బల్లమీద కూర్చున్న నాడే, ఆరంభమవుతుంది. కనుక ఏ పాఠశాల అయినా తన పిల్లల భవిష్యత్తును గురించి ఆలోచించేటప్పుడు తెలుసుకొనదగిన వ్యాధి ఇది.

దీని ఆరంభం చిత్రంగా ఉంటుంది. చదువుకుంటున్న అమ్మాయికి ఒకనాడు ఒక కన్ను మసకబారుతుంది, కనుగుడ్డు కదిపితే నొప్పి. కొన్ని వారాలకు చూపు చాలావరకు తిరిగి వస్తుంది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. కొన్ని నెలల తరువాత కాలు తిమ్మిరెక్కుతుంది, లేదా నడక తూలుతుంది, అదీ తగ్గుతుంది. వీటన్నిటితోపాటు చెప్పుకోలేని అలసట ఉంటుంది. పైకి ఏ జబ్బూ కనిపించదు కనుక ఇంటివారు బద్ధకమంటారు, ఉపాధ్యాయులు అశ్రద్ధ అంటారు, ఇరుగుపొరుగువారు దిష్టి అంటారు. ఈ మూడు మాటల మధ్య విలువైన కాలం గడిచిపోతుంది.

పైకి కనబడని ఈ వ్యాధిని లోపల చూడడం ఎట్లు సాధ్యమైనది, ఆ చిత్రాలు ఏమి చెబుతాయి, ఏమి చెప్పలేవు అన్నదే నేటి ప్రసంగ విషయం.

ముందుగా సామాన్యశాస్త్ర పాఠాన్ని ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకోవాలి. నాడీకణం నుంచి బయలుదేరే పొడవైన తంతువును తంత్రికాక్షం అంటారని, దానిపై మైలిన్ అనే కొవ్వుపదార్థపు తొడుగు ఉంటుందని విద్యార్థులు చదువుకున్నారు. ఈ తొడుగు ఉన్న తంతువులలో వార్త సెకనుకు వంద మీటర్ల వరకు వేగంతో పరుగెత్తగలదు. తొడుగు ఊడితే వేగం మందగిస్తుంది, ఒక్కొక్కసారి వార్త మధ్యలోనే ఆగిపోతుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో శరీరాన్ని కాపాడవలసిన రక్షకకణాలే దారితప్పి మెదడులోను, వెన్నుపాములోను, కంటినరంలోను ఈ తొడుగుపై దాడి చేస్తాయి. దాడి జరిగిన చోటల్లా గట్టిపడిన మచ్చ మిగులుతుంది. మచ్చ కంటినరంలో పడితే చూపు, వెన్నుపాములో పడితే నడక, చిన్నమెదడులో పడితే నిలకడ దెబ్బతింటాయి. అందుకే ఈ వ్యాధి ఏ ఇద్దరిలోను ఒకే తీరుగా కనబడదు.

ఈ మచ్చలకు వైద్యశాస్త్రంలో నిలిచిపోయిన పేరు ఫ్రెంచి భాషలోనిది కావడం యానాంవాసులకు ఆసక్తి కలిగించే విషయం. 1954 వరకు ఫ్రెంచి పరిపాలనలో ఉన్న ఈ ఊరిలో ఆ భాష చదివిన పెద్దలు ఎందరో ఉండేవారు. పారిస్ నగరంలోని సాల్‌పెట్రియేర్ ఆసుపత్రిలో జాన్ మార్టాన్ షార్కో అనే వైద్యాచార్యుడు 1868లో ఈ వ్యాధికి సమగ్రమైన వర్ణన చేసి, 'స్క్లెరోజ్ ఆఁ ప్లాక్' అని పిలిచాడు. పలకలు పలకలుగా గట్టిపడడం అని దాని భావం. ఫ్రెంచివారు నేటికీ ఆ పేరే వాడుతున్నారు. ఆయన ఇంటి పనిమనిషి చేతులు వణికి పింగాణీ పాత్రలు పగిలిపోతూ ఉండేవని, ఆయన ఆమెను పనినుంచి తొలగించక ఆమె స్థితిని పరిశీలిస్తూ వచ్చాడని, ఆమె మరణానంతరమే మెదడులోని మచ్చలు బయటపడ్డాయని ఒక కథ వైద్యలోకంలో ప్రచారంలో ఉన్నది. కథ మాట ఎట్లున్నా, ఆ కాలపు నిస్సహాయతను అది చక్కగా తెలుపుతుంది. రోగి బ్రతికి ఉండగా మచ్చను చూసే మార్గం షార్కోకు లేదు. ఆయన తరువాత నూరేళ్ళపాటు మరెవరికీ లేదు.

ఇక్కడ ఒక పోలిక చెప్పుకుంటే తక్కిన విషయం సులభమవుతుంది. గోదావరి వరద యానాం ప్రాంతానికి కొత్త కాదు. 1986 ఆగస్టు నాటి వరదను చూసినవారు ఈ సభలోనే ఎందరో ఉన్నారు. వరద వచ్చినప్పుడు అందరికీ కనబడుతుంది. నీరు గట్టు దాటి ఊరిలోకి వస్తుంది, కొన్నాళ్ళకు తీస్తుంది. కాని గౌతమి ఒడ్డున, లంకలలో వ్యవసాయం చేసినవారికి మరొక సంగతి తెలుసు. వరద తీసిన తరువాత కూడా ఒడ్డు కోసుకుపోతూనే ఉంటుంది. ప్రతిరోజూ చూసేవారి కంటికి ఆ కోత ఆనదు. పదేళ్ళనాటి హద్దురాయి ఎక్కడ ఉన్నదని వెదికితే తెలుస్తుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లోనూ ఇటువంటి రెండు క్రియలు జరుగుతాయి. రక్షకకణాలు మెదడులోకి చొరబడి వాపును, మంటను పుట్టించడం వరద వంటిది. నాడీతంతువులు తెగి, మెదడు పదార్థం తరిగిపోవడం కోత వంటిది. మొదటిది వచ్చిపోతూ ఉంటుంది. రెండవది నెమ్మదిగా సాగుతుంది, పోయినది తిరిగి రాదు.

వైద్యులకు ఈ రెంటినీ చూసే కన్ను 1970వ దశకం తరువాతనే లభించింది. 1971లో ఇంగ్లండులో గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన సి.టి. యంత్రం మెదడును పొరలు పొరలుగా చూపింది కాని, ఈ మచ్చలను చాలావరకు పట్టలేకపోయింది. 1973లో పాల్ లాటర్‌బర్ అమెరికాలో అయస్కాంత అనునాదంతో చిత్రాలు తీయవచ్చునని నిరూపించాడు; ఇంగ్లండులో పీటర్ మాన్స్‌ఫీల్డ్ ఆ పద్ధతిని వృద్ధి చేశాడు. వారిరువురికి 2003లో నోబెల్ బహుమతి లభించింది. ఎం.ఆర్.ఐ. అని నేడు అందరూ పిలిచేది దీనినే. 1981లో లండన్‌లోని హేమర్‌స్మిత్ ఆసుపత్రి బృందం పదిమంది మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగులను రెండు పద్ధతులతోను పరీక్షించింది. సి.టి.లో కనబడిన మచ్చలు 19, ఎం.ఆర్.ఐ.లో వాటికి అదనంగా కనబడినవి 112. షార్కో మరణానంతర పరీక్షలో మాత్రమే చూడగలిగిన మచ్చలను నూట పదమూడేళ్ళ తరువాత సజీవుల మెదడులో లెక్కపెట్టగలిగారు.

ఈ యంత్రం పనిచేసే సూత్రం ఉన్నత పాఠశాల విద్యార్థికి అర్థం కానిదేమీ కాదు. శరీరంలో అధికభాగం నీరు. నీటి అణువులో హైడ్రోజన్ ఉన్నది. హైడ్రోజన్ కేంద్రకం అతి చిన్న అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. భూమి అయస్కాంత శక్తికంటే కొన్ని పదుల వేల రెట్లు బలమైన అయస్కాంతంలో మనిషిని పడుకోబెట్టి రేడియో తరంగాలు పంపితే ఆ కేంద్రకాలు ఆ శక్తిని గ్రహించి, తిరిగి సంకేతాలు వెలువరిస్తాయి. ఆరోగ్యకరమైన కణజాలంలోని నీరు ఒక తీరుగా, వాచిన చోటి నీరు మరొక తీరుగా బదులు పలుకుతాయి. ఆ తేడాయే చిత్రంలో నలుపు తెలుపులుగా కనబడుతుంది. ఇందులో ఎక్స్-రే కిరణాలు లేవు. శరీరంలో పేస్‌మేకర్, లోహపు ముక్కలు వంటివి ఉన్నవారు మాత్రం ముందుగా చెప్పితీరాలి.

మామూలు చిత్రంలో మల్టిపుల్ స్క్లెరోసిస్ మచ్చలు తెల్లని చుక్కలుగా కనబడతాయి. అయితే నిన్న పుట్టిన మచ్చ, పదేళ్ళనాటి మచ్చ రెండూ తెల్లగానే ఉంటాయి. ఊరంతా తడిగా ఉన్నదని చూపే ఛాయాచిత్రం నీరు ఇప్పుడు వస్తున్నదో, ఎప్పుడో వచ్చి నిలిచినదో చెప్పలేదు గదా! ఈ చిక్కును గాడోలినియం అనే లోహంతో చేసిన మందు తీర్చింది. 1980వ దశకం చివర ఇది వాడుకలోకి వచ్చింది. రక్తంలోని పదార్థాలను మెదడులోకి తోచినట్లు పోనీయకుండా రక్తనాళాల గోడలే ఒక గట్టులా కాపలా కాస్తాయి. గట్టు పటిష్ఠంగా ఉన్నంతవరకు గాడోలినియం దాటలేదు. వాపు వలన గట్టు తెగిన చోట అది లోపలికి ఊరి, చిత్రంలో మెరుస్తుంది. ఒక మచ్చ ఇట్లు మెరిసే కాలం సాధారణంగా రెండు నుంచి ఆరు వారాలు మాత్రమే. కనుక మెరిసే మచ్చ కనబడితే వరద ఇప్పుడు నడుస్తున్నదని అర్థం.

నెలనెలా ఈ విధంగా చిత్రాలు తీసి చూసినప్పుడు ఆశ్చర్యకరమైన సత్యం వెల్లడైంది. రోగికి తెలిసేలా లక్షణాలు ఒకసారి బయటపడితే, ఆలోగా మెదడులో ఐదు నుంచి పది కొత్త మచ్చలు చడీచప్పుడు లేకుండా పుడుతున్నాయి. బాగానే ఉన్నానని రోగి అనుకుంటున్న రోజులలో కూడా వ్యాధి పనిచేస్తూనే ఉన్నదన్నమాట. 1993లో అమెరికాలో ఈ వ్యాధికి తొలి నివారక ఔషధంగా ఇంటర్‌ఫెరాన్ బీటా అనుమతి పొందినప్పుడు, కొత్త మచ్చలు తగ్గాయని చూపిన ఎం.ఆర్.ఐ. చిత్రాలు ముఖ్యమైన సాక్ష్యంగా నిలిచాయి.

వరదకూ కోతకూ ఉన్న సంబంధం 1998లో మరింత స్పష్టమైంది. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో బ్రూస్ ట్రాప్ బృందం మరణించిన రోగుల మెదడు పొరలను సూక్ష్మదర్శినిలో పరిశీలించింది. వాపు ఉధృతంగా ఉన్న మచ్చలలో ఒక్క ఘన మిల్లీమీటరుకు 11,000కు పైగా తెగిన తంతువులు కనబడ్డాయి. ఆరోగ్యవంతుల మెదడులో అంత చోటులో ఒక్కటి కూడా కనబడడం అరుదు. తొడుగు మాత్రమే పోతుందని, తంతువు చాలాకాలం నిలుస్తుందని ఉన్న నమ్మకం దీనితో సడలిపోయింది. తొలి వరదలోనే కోత ఆరంభమవుతున్నది. చికిత్స ఆలస్యం చేయరాదనడానికి ఇంతకంటే బలమైన కారణం అక్కరలేదు.

మరి కోతను కొలిచేదెట్లు? ఒకటి రెండు సంవత్సరాల ఎడంతో తీసిన చిత్రాలను కంప్యూటరులో ఒకదానిపై ఒకటి పేర్చి, మెదడు పరిమాణంలో ఎంత తగ్గిందో లెక్కిస్తారు. ఆరోగ్యవంతులైన పెద్దలలో సంవత్సరానికి నూటికి 0.1 నుంచి 0.3 వంతు తరుగుదల సహజం. చికిత్స పొందని మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగులలో అది 0.5 నుంచి 1.3 వరకు ఉంటుంది. సంఖ్య స్వల్పంగా తోచవచ్చు. ఇరవై సంవత్సరాలకు లెక్కకడితే దాని బరువు తెలుస్తుంది. జ్ఞాపకశక్తి, ఆలోచనలో చురుకుదనం, నడక ఈ తరుగుదలతో ముడిపడి ఉన్నాయి.

ఈ కొలతలో ఒక మెలిక ఉన్నది. వాపును తగ్గించే మందు మొదలుపెట్టిన తొలి నెలలలో మెదడు పరిమాణం కొంత తగ్గినట్లు కనబడుతుంది. అది అదనపు నీరు బయటికి పోవడమే కాని కణజాలం పోవడం కాదు. నీరు తీసిన నేల దిగినట్లు కనబడినంత మాత్రాన ఒడ్డు కోసుకుపోయినదని ఎవరూ అనరు గదా! అందుకే నిపుణులు మందు మొదలుపెట్టిన కొన్ని నెలల తరువాత తీసిన చిత్రాన్ని ఆధారంగా ఉంచుకొని, అక్కడినుంచి కొలుస్తారు.

వాపు బయటికి తగ్గినా కొన్ని పాత మచ్చల అంచులలో మంట నివురుగప్పిన నిప్పులా ఉంటుందని ఇటీవలి పరిశోధనలు తేల్చాయి. గట్టు మూసుకుపోయి ఉంటుంది కనుక వీటిని గాడోలినియం చూపలేదు. అంచులలో చేరిన కణాలలోని ఇనుమును గుర్తించే ప్రత్యేక చిత్రాలలో ఇవి నల్లని వలయాలుగా కనబడతాయి. ఇటువంటి మచ్చలు ఎక్కువగా ఉన్నవారిలో అశక్తత త్వరగా పెరుగుతున్నట్లు గమనించారు. వరద తీసిన తరువాత సాగే కోతకు చిత్రాలలో దొరికిన ప్రత్యక్ష సాక్ష్యాలలో ఇది ఒకటి.

ఈ విద్యలో తెలుగువారి కృషిని స్మరించడం సముచితం. కృష్ణా జిల్లా పెదముత్తేవిలో 1925లో జన్మించిన డాక్టర్ కాకర్ల సుబ్బారావు గారు వైద్య చిత్రాలను చదివే శాస్త్రంలో దేశవిదేశాలలో పేరుగాంచారు. ఆయన ప్రత్యేక కృషి ఎముకల చిత్రణలో. అమెరికాలో పనిచేసి, 1980వ దశకంలో స్వదేశానికి వచ్చి, హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థకు సంచాలకులై దానిని తీర్చిదిద్దారు. 2000లో పద్మశ్రీ అందుకొని, 2021లో దివంగతులయ్యారు. చిత్రం తీయడం వేరు, చదవడం వేరన్న వివేకాన్ని తెలుగునాట పాదుకొల్పిన మహనీయుడాయన.

మల్టిపుల్ స్క్లెరోసిస్ చిత్రాలకే సుదీర్ఘకాలం అంకితమైన శాస్త్రజ్ఞులలో పొన్నాడ నారాయణ గారిని చెప్పుకోవాలి. పొన్నాడ అనే ఇంటిపేరు తెలుగువారికి సుపరిచితమే. హ్యూస్టన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయ ఆరోగ్యశాస్త్ర కేంద్రంలో ఆయన, సహచరులు నాడీకణాల ఆరోగ్యాన్ని తెలిపే రసాయనాలను కూడా అయస్కాంత అనునాదంతో కొలిచారు. 1998లో వారు ప్రకటించిన పరిశోధన మచ్చల పరిమాణాన్ని, మెరుపును, రసాయన మార్పులను కలిపి కాలక్రమంలో పరిశీలించింది. 2020లో ప్రచురించిన మరొక పరిశోధనలో, సుమారు వెయ్యిమంది రోగుల చిత్రాలతో కంప్యూటరుకు శిక్షణనిచ్చి, గాడోలినియం ఎక్కించకుండానే మెరిసే మచ్చలను ఊహించగలదా అని పరీక్షించారు. మచ్చ ఉన్న చిత్రపు పొరలను నూటికి సుమారు 78 వంతున అది గుర్తించింది. గాడోలినియం కొద్దిపాటిగా శరీరంలో నిలిచిపోతున్నదని తెలిసి, దానిని అవసరమైనప్పుడే వాడాలని వైద్యులు భావిస్తున్న ఈ కాలంలో ఇది ఆశాజనకమైన ప్రయత్నం. అయినా ఇది వైద్యుని స్థానాన్ని ఇంకా తీసుకోలేదు.

చిత్రాల శక్తిని చెప్పిన తరువాత వాటి పరిమితిని చెప్పకపోతే అపచారమవుతుంది. తెల్లని చుక్క కనబడినంత మాత్రాన అది మల్టిపుల్ స్క్లెరోసిస్ కాదు. వయస్సు, రక్తపోటు, పార్శ్వపు తలనొప్పి వలన కూడా చుక్కలు ఏర్పడతాయి. భారతదేశంలో క్షయవ్యాధి, బి-12 విటమిన్ లోపం కూడా దీనిని పోలిన లక్షణాలు చూపవచ్చు. న్యూరోమైలైటిస్ ఆప్టికా అనే మరొక వ్యాధి కంటినరాన్ని, వెన్నుపామును దెబ్బతీస్తుంది. 2004లో దానికి ప్రత్యేకమైన రక్తపరీక్ష లభించింది. ఆ వ్యాధిలో ఇంటర్‌ఫెరాన్ ఇస్తే మేలుకు బదులు కీడు జరగవచ్చు. అందుకే లక్షణాలు, చిత్రాలు, అవసరమైతే వెన్నునీటి పరీక్ష కలిపి నిర్ణయించే నియమావళిని 2001లో ఇయాన్ మెక్‌డోనల్డ్ అధ్యక్షతన నిపుణులు రూపొందించారు. అది పలుమార్లు సవరించబడింది; కంటినరాన్ని, మచ్చ నడుమ కనబడే సిరను కూడా లెక్కలోకి తీసుకునే తాజా సవరణ 2025లో వెలువడింది.

ఈ వ్యాధి పాశ్చాత్యులదే అన్న అభిప్రాయం ఒకప్పుడు ఉండేది. 2014లో మంగళూరు ప్రాంతంలో జరిపిన గణనలో లక్షకు ఎనిమిదిమందికి పైగా రోగులు తేలారు. చిత్రించే యంత్రాలు వచ్చినకొద్దీ ఇంతకాలం పేరు తెలియక బాధపడినవారు వెలుగులోకి వస్తున్నారు.

తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు గుర్తుంచుకోదగినవి కొన్ని ఉన్నాయి. ఒక కంటి చూపు హఠాత్తుగా తగ్గినా, కాలుచేతుల తిమ్మిరి ఒక రోజుకు మించి నిలిచినా, దానంతట అదే తగ్గినదని ఊరకుండరాదు; నాడీవైద్యుని సంప్రదించాలి. పూర్వం ఇటువంటి అవసరానికి కాకినాడకో, విశాఖపట్టణానికో, పుదుచ్చేరికో పోవలసివచ్చేది. 2024లో జిప్‌మర్ వారి బహుళ వైద్య విభాగాల కేంద్రం యానాంలోనే ప్రారంభమైనందున నిపుణుల సలహాకు దారి దగ్గరైంది. తీయించిన ఎం.ఆర్.ఐ. ఫిల్ములను, డిస్కులను ఎంత పాతవైనా పారవేయరాదు. హద్దురాయి లేనిదే కోత ఎంతో తెలియదు. పాత చిత్రం లేనిదే కొత్త చిత్రానికి సగం అర్థమే ఉంటుంది.

రోహిణీకార్తె ఎండలలో రోగికి చూపు మసకబారినా, కాళ్ళు తేలిపోయినా బెంబేలు పడనవసరం లేదు. శరీరంలో వేడి పెరిగినప్పుడు తొడుగు ఊడిన తంతువులలో వార్త తాత్కాలికంగా ఆగుతుంది. చల్లబడితే తేరుకుంటుంది, అది కొత్త మచ్చ కాదు. ఒక రోజు గడిచినా తగ్గకపోతే మాత్రం వైద్యునికి చూపాలి.

ఈ వ్యాధిని సమూలంగా నయం చేసే మందు లేదు. కాని 1993 తరువాత వచ్చిన ఔషధాలు వరదను చాలావరకు అదుపు చేస్తున్నాయి. మొదటినుంచీ నెమ్మదిగా ముదిరే రకానికి కూడా 2017లో అమెరికాలో ఒక ఔషధం అనుమతి పొందింది. కోతను పూర్తిగా ఆపగల మందుకోసం అన్వేషణ సాగుతున్నది. అంతవరకు త్వరగా గుర్తించడం, త్వరగా చికిత్స మొదలుపెట్టడం ఒడ్డుకు రాతికట్టు వేయడం వంటిది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 ఈ వ్యాధిని గుర్తింపు పొందిన వైకల్యాల జాబితాలో చేర్చినది. ధ్రువపత్రం పొందిన విద్యార్థికి చదువులోను, పరీక్షలలోను తగిన సదుపాయాలు కోరే హక్కు ఉన్నది. అడిగినప్పుడు అనుమానంతో చూడక సహకరించడం పాఠశాలల విధి.

షార్కో కాలంలో మచ్చను చూడడానికి రోగి మరణం వరకు ఆగవలసివచ్చింది. నేడు యంత్రం అరగంటలో చూపుతుంది. కాని రోగిని ఆ యంత్రం వరకు తీసుకుపోయేది యంత్రం కాదు. నిన్నటిదాకా చలాకీగా ఉన్న పిల్ల నేడు ఎందుకు తడబడుతున్నదని గమనించిన తల్లి, పలక మీది అక్షరం కనబడడం లేదన్న మాటను సాకుగా కొట్టివేయని ఉపాధ్యాయుడు, బద్ధకమనే ముద్ర వేయడానికి ముందు ఒక్క క్షణం ఆగిన స్నేహితుడు తీసుకుపోతారు. డెబ్బది ఐదు సంవత్సరాలుగా కనకాలపేట పిల్లల ముఖాలను ప్రతి ఉదయం చూస్తూ వస్తున్న పాఠశాలకు ఆ చూపు కొత్త కాదు. అది ఇకముందు కూడా తగ్గకుండా ఉండాలి.